మొదటి 56 రోజులు ఎక్కడ గడిచాయి?

శ్రోతలకు నమస్కారం.

"షిట్జు, పామ్ క్రాస్ అండి. 45 రోజుల పిల్ల. రెండు టీకాలు అయిపోయాయి. అడ్వాన్స్ వేసెయ్యండి, సాయంత్రానికి మీ ఇంటికే తెచ్చిస్తాను."

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చిన్నసైజు కుక్కపిల్ల కోసం వాకబు చేసినవాళ్ళకు ఇలాంటి మాటలు కొత్త కాదు. షిట్జు, పొమరేనియన్ అనే రెండు చిన్న జాతుల కుక్కలకు కలిపి పుట్టిన పిల్ల అని దీనర్థం. వినడానికి సదుపాయంగానే ఉంటుంది. కానీ ఇందులో మూడు చోట్ల ఆగి ఆలోచించాలి.

మొదటిది వయసు. జంతుహింస నివారణ చట్టం కింద 2017లో కేంద్ర ప్రభుత్వం కుక్కల పెంపకానికి, అమ్మకానికి నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లను బ్రీడర్, అంటే కుక్కల్ని ఈనించి పిల్లల్ని అమ్మేవాడు, అమ్మకూడదు. దీనికి గట్టి కారణమే ఉంది. అయిదో వారం నుంచి పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడుకుంటాయి. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. శ్రుతిమించితే తల్లి మూతితో నొక్కి అదుపు చేస్తుంది. ఎంత గట్టిగా కొరకొచ్చో పిల్లకు తెలిసేది అక్కడే. 35, 40 రోజులకే విడదీసిన పిల్ల ఆ పాఠం నేర్చుకోకుండానే వస్తుంది. తర్వాత ఇంట్లో పిల్లల చేతులు రక్కేస్తోందని, కొరికేస్తోందని దాన్నే తిడతారు.

వయసు నిజమో కాదో నోరు చెబుతుంది. ముందుపళ్ళు, కోరలు మూడు నాలుగు వారాలకే మొలుస్తాయి, వాటిని చూసి లాభం లేదు. పెదవి పక్కకు తీసి వెనక దవడపళ్ళు చూడండి. ఎనిమిది వారాలకు పాలపళ్ళు పైన 14, కింద 14, మొత్తం 28 రావాలి. చిన్న జాతుల్లో ఒకటి రెండు ఆలస్యమైతే కంగారు పడనక్కర్లేదు. దవడపళ్ళు అసలే లేకపోతే మాత్రం, చెప్పిన పుట్టినరోజు తప్పు.

రెండోది టీకాలు. పిల్లకు పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బుల టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెడతారు. తర్వాత మూడు నాలుగు వారాల ఎడంతో, 16 వారాలు నిండేదాకా మళ్ళీ మళ్ళీ వేస్తారు. 45 రోజులకే రెండూ అయ్యాయంటే మొదటిది నెల కూడా నిండకముందే వేసి ఉండాలి. ఆ వయసులో తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉంటుంది. అది టీకాను పని చేయనివ్వదు. ఒకసారితో సరిపెట్టకుండా పదే పదే వేయడం కూడా అందుకే.

కార్డు చేతికిస్తే తేదీలు చూసి ఊరుకోకండి. ప్రతి టీకాకూ మందుసీసా మీది స్టిక్కర్ అతికించి ఉండాలి. అందులో బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన పశువైద్యుడి సంతకం, ముద్ర ఉండాలి. ఒకే పెన్నుతో వరసగా రాసిన తేదీలు మాత్రమే ఉన్న కార్డుకు విలువ లేదు. నులిపురుగుల మందు సంగతీ అడగండి. రెండో వారం నుంచి ప్రతి రెండు వారాలకు ఒకసారి తాగించాలి. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు చేరతాయి, కాబట్టి శుభ్రమైన ఇంట్లో పుట్టిన పిల్లకైనా ఇది తప్పదు. పొట్ట డోలులా ఉబ్బి, పక్కటెముకలు తేలి ఉంటే బొద్దుగా ఉందని మురిసిపోవద్దు. అవి పురుగులు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పిల్లను మీ ఇంటికే తెస్తానంటే తల్లిని మీరు చూడలేరు. చాలా సందర్భాల్లో ఆ మనిషి బ్రీడర్ కాదు, మధ్యవర్తి. నాలుగైదు చోట్ల పిల్లల్ని కొని ఒకే గదిలో ఉంచుతాడు. పార్వో పాకడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. వైరస్ సోకాక లక్షణాలు బయటపడడానికి మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే కొన్న రోజు గంతులేసిన పిల్ల, నాలుగో రోజు వాంతులు, నెత్తుటి విరేచనాలతో నీరసించిపోతుంది. అమ్మినవాడు "మా దగ్గర బాగానే ఉంది కదా" అంటాడు.

కాబట్టి పిల్ల పుట్టిన చోటికి వెళ్ళండి. దూరమైతే ముందు వీడియో కాల్‌లో తల్లి, పిల్లలు ఒకేచోట ఉండగా చూపించమనండి. తల్లి ఊళ్ళో లేదు, అన్నయ్యగారింట్లో ఉంది, జబ్బు చేసింది అంటే అక్కడితో ఆపెయ్యండి. పాలిచ్చే కుక్క చనుమొనలు సాగి, పొట్ట కింద వేలాడుతుంటాయి. పొట్ట బిగువుగా ఉన్న కుక్కను చూపించి తల్లి అంటే నమ్మకండి. తల్లి స్వభావం పిల్లకు పుట్టుకతోనూ వస్తుంది, పక్కన పెరగడంతోనూ వస్తుంది. కొత్త మనిషిని చూసి రెండు మొరుగులు మొరిగి, యజమాని మాటతో సర్దుకునే తల్లి మంచిదే. మూలకు నక్కి వణికే తల్లి పిల్లల్ని తీసుకోకపోవడం మేలు.

తల్లి గురించి మూడు ప్రశ్నలు తప్పక అడగండి. వయసెంత, ఇది ఎన్నో ఈత, వెనకటి ఈత ఎప్పుడు? నియమాల ప్రకారం తల్లికి 18 నెలలు నిండాలి, 12 నెలల్లో ఒక ఈత మించకూడదు, జీవితం మొత్తంలో అయిదు ఈతలు దాటకూడదు. బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పత్రం చూపించమని అడగడం మీ హక్కు. తండ్రి సైజు కూడా అడగండి. తండ్రి తల్లికన్నా బాగా పెద్దదైతే పిల్లలు పెద్దవై ఈనేటప్పుడు అడ్డం పడొచ్చు, తల్లి ప్రాణం మీదికి రావొచ్చు. అది తెలిసీ దాటించిన, అంటే జతకట్టించినవాడి దగ్గర కొనకండి.

ఇక క్రాస్ విషయం. "రెండు జాతులు కలిశాయి కాబట్టి జబ్బులు రావు" అని అమ్మేవాళ్ళు ధీమాగా చెబుతారు. ఇది సగం నిజం. రెండు జాతుల్లోనూ ఉన్న లోపం క్రాస్ చేసినంత మాత్రాన పోదు. పామ్, పూడిల్, మాల్టీస్, చివావా, ఈ చిన్న జాతులన్నిటికీ మోకాలి చిప్ప జారే బాధ ఉంది. కుక్క పరుగెడుతూ హఠాత్తుగా వెనకకాలు ఎత్తేసి నాలుగడుగులు కుంటి, మళ్ళీ మామూలుగా నడుస్తుంది. దీనికి యంత్రాలు అక్కర్లేదు, పశువైద్యుడు చేత్తో పట్టి చూసి నాలుగు స్థాయిల్లో ఏదో చెప్పగలడు. తల్లికీ తండ్రికీ ఈ పరీక్ష చేయించారా అని అడగండి. అలాగే పూడిల్‌కూ కాకర్ స్పానియెల్‌కూ చూపు క్రమంగా పోయే ఒకే రకం జన్యులోపం ఉంది. తల్లిదండ్రులిద్దరూ పైకి ఆరోగ్యంగా కనిపిస్తూ ఆ లోపమున్న జన్యువును చెరొకటి మోస్తుంటే, ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు గుడ్డితనం ముప్పు. బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాతో డీఎన్ఏ పరీక్ష చేస్తే ఇది ముందే తెలుస్తుంది.

క్రాస్ పిల్ల పెద్దయ్యాక ఎంతవుతుంది, బొచ్చు ఎలా ఉంటుంది అన్నది ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఒకే ఈతలో ఒకటి తల్లిలా, ఒకటి తండ్రిలా రావచ్చు. నిజాయితీ గల బ్రీడర్ "ఇంతే ఉంటుంది" అనడు, తల్లిదండ్రుల బరువులు చెప్పి "ఈ మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు" అంటాడు. అలర్జీ రాని కుక్క అంటూ ఏదీ లేదు. అలర్జీ తెచ్చే పదార్థం కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉంటుంది, బొచ్చు రాలకపోయినా అది ఉంటుంది. ఇక సర్టిఫికెట్ సంగతి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా శుద్ధజాతి కుక్కలనే నమోదు చేస్తుంది. క్రాస్ పిల్లకు కేసీఐ కాగితం ఇస్తానంటే అది అబద్ధం.

"టీకప్" అనే మాట వినబడితే జాగ్రత్త. అదొక జాతి కాదు. ఈతలో అన్నిటికన్నా బక్కదో, నెలైనా నిండనిదో అయి ఉంటుంది. అరకిలో పిల్ల నాలుగైదు గంటలు తిండి లేకుండా ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి, తూలి, ఫిట్స్ రావచ్చు. అలాంటప్పుడు చిగుళ్ళకు తేనె రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పిల్లను చేతిలోకి తీసుకున్నాక చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయా చూడండి. పాలిపోతే పురుగులో పిడుదులో రక్తం తాగుతున్నట్టు. చెవులు వాసన చూడండి, కాలివేళ్ళ మధ్య పిడుదుల కోసం వెతకండి. చప్పిడి ముక్కు షిట్జు క్రాస్ అయితే ముక్కురంధ్రాలు తెరుచుకుని ఉన్నాయా, నిద్రలో గురక పెడుతోందా గమనించండి. మన ఎండల్లో ఊపిరాడని ముక్కు ఆ కుక్కకు జీవితాంతం హింస.

మంచి బ్రీడర్ మిమ్మల్నీ ప్రశ్నలడుగుతాడు. పగలు ఇంట్లో ఎవరుంటారు, అద్దె ఇల్లా, ఇంతకుముందు కుక్క ఉందా, ఉంటే ఏమైంది? విసుక్కోకండి. కుక్క పార్వోతో పోయి ఉంటే తప్పక చెప్పండి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కు చావదు. ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం ఒక పాలుకు 30 పాళ్ళ నీళ్ళు కలిపి కడగాలి. కొత్త పిల్లను టీకాలు పూర్తయ్యాకే తేవాలి.

మాట్లాడుకున్నవన్నీ కాగితం మీద పెట్టించండి. పుట్టినతేదీ, తల్లిదండ్రుల వివరాలు, రెండు మూడు రోజుల్లో మీ డాక్టరు లోపం చూపితే పిల్లను వెనక్కి తీసుకుని డబ్బు ఇస్తానన్న మాట, ఎప్పుడైనా మీరు పెంచలేని పరిస్థితి వస్తే తానే తీసుకుంటానన్న మాట.

ఒక్కటి మాత్రం చాలా కష్టమైన మాట. మురికి బోనులో జబ్బుపిల్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది, దాన్నే తెచ్చుకోవాలనిపిస్తుంది. మీరు డబ్బిచ్చి తెచ్చుకుంటే ఆ బోను ఖాళీ అవుతుంది, ఆ తల్లిని మళ్ళీ దాటిస్తారు. కొనకుండా బయటికొచ్చి జిల్లా జంతుహింస నివారణ సంఘానికి ఫిర్యాదు చేయండి.

పిల్లను తెచ్చే రోజు తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. ఆ వాసనకు రాత్రి ఏడుపు తగ్గుతుంది. అక్కడ తింటున్న తిండే వారం రోజులు పెట్టి, ఆ తర్వాత కొద్దికొద్దిగా మార్చండి. ఎండాకాలమైతే ప్రయాణం పొద్దున్నే పెట్టుకోండి. రెండు రోజుల్లో డాక్టరుకు చూపించి, తర్వాతి టీకా తేదీ, 12 వారాలు నిండాక వేయించాల్సిన రేబిస్ టీకా తేదీ కార్డు మీద రాయించుకోండి.

నమస్కారం.