పాస్‌బుక్ తెరిచే ముందు

సభకు నమస్కారం. ఆదివారం పూట, అందులోనూ నెలాఖరున, డబ్బు గురించి, ధ్యానం గురించి మాట్లాడతానంటే శ్రీకాకుళంలో ఇంతమంది వస్తారనుకోలేదు. నెలాఖరు కాబట్టే వచ్చారేమో.

ముందే ఒక మాట చెప్పేస్తాను. కళ్లు మూసుకుని ఊపిరి పీల్చి వదిలితే వడ్డీ తగ్గదు. తగ్గుతుందని ఎవరైనా చెప్పి ఫీజు అడిగితే, ఆ ఫీజు కూడా బాకీలో జమ చేసుకోండి. ధ్యానం చేసే మేలు చిన్నది. బాకీ ఎంతుందో కళ్లారా చూసే ధైర్యం ఇస్తుంది. అదే చాలామందికి లేనిది.

బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. "మొత్తం అప్పు ఎంతమ్మా?" అని అడిగితే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. "ఉంటాది బాబూ, ఓ రెండు లచ్చలు." చీటీ బాకీ, బంగారం మీద తెచ్చింది, డ్వాక్రా కిస్తీ, పక్కింట్లో చేబదులు, అన్నీ కాగితం మీద వేస్తే ఒకావిడకు మూడు లక్షలు దాటింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, "అయితే ముందు ఏది కట్టమంతారు?" అంది. ఓ రెండు లచ్చలు అన్నప్పుడు ఆ ప్రశ్న రాలేదు.

చూడకపోవడం బద్ధకం వల్ల అనుకోకండి. 2013లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందొకసారి, పంట డబ్బు చేతికొచ్చాక ఒకసారి తెలివితేటల పరీక్షలు పెట్టారు. మనిషి అతనే, బుర్రా అదే. డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు మాత్రం మార్కులు తగ్గాయి. ఆందోళనకే బుర్రలో కొంత చోటు పోతుందన్నమాట. ధాన్యం డబ్బు పడకముందు ఊళ్లో బేరాలు ఎలా సాగుతాయో మీకు నేను చెప్పాలా? హైదరాబాదు, చెన్నై పనులకు పోయే కుటుంబాలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకునేదీ చేతిలో ఏమీ ఆడని ఆ రోజుల్లోనే. పెద్ద నిర్ణయాలకు మనం ఎంచుకునే వేళ అదీ!

ఊపిరిని గమనించడం ఈ నేలకు కొత్త కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాలు కట్టుకున్నది ఆ సాధన తెలిసిన బౌద్ధులే. 1979లో అమెరికాలో జాన్ కబాట్ జిన్ దాన్ని మతంతో ముడిపెట్టకుండా మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో రోగులకు నేర్పడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి నొప్పులు వదలని రోగులు వాళ్లు. నొప్పి వేరు, దాని వెంట వచ్చే కంగారు వేరు అని చూడటం నేర్పాడు. బాకీ విషయంలోనూ అంతే. కట్టాల్సిన సొమ్ము ఒకటి, దాన్ని తలుచుకోగానే కడుపులో తిప్పేది ఇంకొకటి. రెండూ కలిసిపోతే పాస్‌బుక్ బీరువాలోంచి బయటికి రాదు.

వారానికొక రాత్రి, భోజనాలయ్యాక, టీవీ కట్టేసి కూర్చోండి. పాస్‌బుక్, తాకట్టు రసీదు, ఫోను ముందు పెట్టుకోండి. వెంటనే తెరవొద్దు. రెండు మూడు నిమిషాలు ఊపిరి వచ్చిపోవడం చూడండి. భుజాలు బిగిసి ఉంటాయి, పళ్లు కరుచుకుని ఉంటాయి. వాటిని సరిచేయాలన్న పట్టుదల వద్దు, ఉన్నాయని తెలిస్తే చాలు. మనసు అమ్మాయి కాలేజీ ఫీజు మీదికి పోతుంది. తిట్టుకోకుండా వెనక్కి పిలవండి. దడ కాస్త తగ్గాక తెరిచి నాలుగే రాయండి: ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఏ తారీఖుకి.

వడ్డీ గడి దగ్గర కాసేపు ఆగాలి. నూటికి మూడు రూపాయలంటే చెవికి చిన్నగానే ఉంటుంది. 50,000 మీద అది నెలకు 1,500, ఏడాదికి 18,000. అంటే 36 శాతం. గడువులోగా కట్టే రైతుకు పంట రుణం మీద, రాయితీలు పోను, 3 లక్షల వరకు పడేది 4 శాతం. దాన్ని గడువుకు కట్టుకుంటూ, మిగిలిందంతా మూడు రూపాయల బాకీ మీద పెట్టాలి. మనం చేసేది వేరు. గట్టిగా అరిచేవాడికి ముందు కడతాం. అరుపు విన్నప్పుడు లేచే భయాన్ని భయమని గుర్తుపడితే, లెక్క ప్రకారం కట్టడానికి వీలవుతుంది.

కుర్రాళ్లకు క్రెడిట్ కార్డు గురించి ఒక్క లెక్క. 40,000 బాకీ ఉండి, వడ్డీ నెలకు మూడున్నర శాతం, కనీస చెల్లింపు 5 శాతం అనుకోండి. మీరు కట్టిన 2,000లో 1,400 వడ్డీకి, 252 ఆ వడ్డీ మీద జీఎస్టీకి పోతాయి. అసలులో తగ్గేది 348.

టీ మానేయండి, బజ్జీ మానేయండి అని నేను చెప్పను. పేదవాడి టీ గ్లాసు మీద పడే సలహాదారులంటే నాకు గిట్టదు. పెళ్లి భోజనాల్లో ఐటమ్స్ ఖాయం చేసేటప్పుడు ఆగండి. "వాళ్లు పాతిక రకాలు పెట్టారట" అన్న మాట వినగానే ఛాతీలో ఏదో ఉబుకుతుంది చూడండి, అడ్వాన్సు ఇచ్చే ముందు దాన్ని ఒక రాత్రి నిద్రపోనివ్వండి.

ఇక వసూలు ఫోన్లు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బ్యాంకుల రికవరీ ఏజెంట్లు ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. మోగిన వెంటనే ఎత్తక్కర్లేదు. ఒక ఊపిరి తీసుకుని ఎత్తండి, తారీఖు చెప్పండి, పెట్టేయండి. లోన్ యాప్ వాళ్లు ఫోటోలు మార్ఫింగ్ చేసి చుట్టాలకు పంపుతామంటే భయపడి ఇంకో యాప్‌లో అప్పు చేయకండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కొందరికి కళ్లు మూసుకుంటే భయం ఇంకా పెరుగుతుంది. వాళ్లు కళ్లు తెరిచి నడుస్తూ అడుగులు గమనించవచ్చు. బతకాలని లేదు అనిపించే దాకా వెళితే ఊపిరి లెక్కలతో ఆగొద్దు. 14416, టెలి మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు ఇప్పుడే ఫోన్లో ఎక్కించుకోండి, నేను ఆగుతాను.

ఎక్కించారా? ఆ బల్ల మీద కాగితాలు, పెన్నులు ఉన్నాయి. నాలుగు గడులు గీసుకోవాలనుకునేవాళ్లు రండి. పేరు రాయనక్కర్లేదు. ఎవరి కాగితం వాళ్లే ఇంటికి తీసుకెళ్లండి.