బెట్టింగ్ యాప్ రీల్ చేస్తే ఏ చట్టం పట్టుకుంటది?

(తెర మీద: నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్. ఫోన్‌ల మెసేజ్: "బ్రో, కొలాబ్ ఉంది. ఒక రీల్, బయోల లింక్, నీ పేరు మీద కోడ్. పేమెంట్ అడ్వాన్స్.")

వాయిస్: నల్లగొండల గానీ పాలమూరుల గానీ నాలుగు వేల ఫాలోవర్లున్న పేజీకి కూడా ఇసొంటి మెసేజ్ వస్తది. "ఆడుమని నేనేం బలవంతం చేస్తలేను కదా, మాట్లాడుడు నా హక్కు" అంటరు చేసేటోళ్లు. ఆ హక్కు ఎక్కడిదాకనో ముందు చూద్దాం.

రాజ్యాంగం 19(1)(ఎ) మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది. దాన్ని కట్టడి చేసేందుకు 19(2)ల రాసినయి ఎనిమిదే కారణాలు: దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతోని సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పుడు. అందుకే 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసుల సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌ల ఇబ్బంది పెట్టే పోస్టు పెడితే జైలు అనే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది. మీ ఊరి రోడ్డు గుంతల మీద వీడియో పెట్టినందుకు ఎవరన్నా 66ఎ పేరు చెప్పి బెదిరిస్తే, ఆ సెక్షన్ ఇప్పుడు లేనే లేదు. కులం, మతం పేరు మీద రెచ్చగొడితే మాత్రం బీఎన్ఎస్ (పాత ఐపీసీ జాగల వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 196 ఉంది, మూడేండ్ల దాకా జైలు.

(తెర మీద: రీల్ కింద సన్న అక్షరాలు: "ఆర్థిక నష్టం రావచ్చు. మీ రిస్క్ మీదనే ఆడండి.")

పైసలు తీసుకొని చెప్పిన మాట వేరు. వ్యాపార ప్రకటన కూడా వాక్ స్వాతంత్య్రమేనని 1995ల టాటా ప్రెస్ కేసుల సుప్రీంకోర్టు ఒప్పుకుంది, మోసపు ప్రకటనకు మాత్రం ఆ రక్షణ లేదన్నది. జూదాన్నయితే 1957లనే వ్యాపారం లెక్కల నుంచి తీసేసింది. ఇగ మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017ల సవరించి ఆన్‌లైన్ ఆటల్ని కూడా అండ్లకు తెచ్చింది. 2025 మార్చిల పంజగుట్ట, మియాపూర్ స్టేషన్లల ప్రమోషన్ చేసినోళ్ల మీద కేసులైనయి.

అదే ఏడాది ఆగస్టుల పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. పైసలు పెట్టి ఆడేదైతే నైపుణ్యమా, అదృష్టమా అని అది అడగదు, రెండిటినీ నిషేధిస్తది. ఆడినోన్ని శిక్షించదు. ప్రకటన చేసినోనికి రెండేండ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేకుంటే రెండూ. నడిపేటోనికి మూడేండ్లు, కోటి. కింద సన్న అక్షరాలు రాసుకున్నంత మాత్రాన తప్పించుకునుడు ఉండదు, ఎందుకంటే నేరం ప్రకటన చేసుడే.

మామూలు సరుకుల ప్రమోషన్‌కు కూడా లెక్కుంది. వినియోగదారుల చట్టం 2019, సెక్షన్ 21: తప్పుదోవ పట్టించే ప్రకటనల నటిస్తే మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా పెనాల్టీ. ఏడాది దాకా ఏ ప్రకటనల కనిపించకుండ నిషేధం కూడా పెట్టొచ్చు. పైసలు గానీ ఫ్రీ సరుకు గానీ తీసుకుంటే "ప్రకటన" అని వీడియోల, మీరు మాట్లాడే భాషలనే చెప్పాలె. డిస్క్రిప్షన్ అడుగున హ్యాష్‌ట్యాగుల గుంపుల దాస్తే చెల్లదు.

(తెర మీద: రీల్ లింక్ కాపీ చేస్తున్న వేలు.)

ఫిర్యాదు చేసేటోళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడనే. పేజీ పేరు రాసుకుంటరు, రేపది మారిపోతది. రీల్ లింకే కాపీ చేయండి. కోడ్, బయో లింక్, తేదీ కనబడేటట్టు స్క్రీన్ రికార్డ్ చేసి, ఆ ఫోన్ అట్లనే ఉంచండి. కోర్టుల డిజిటల్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63 కింద సర్టిఫికెట్ కావాలె. పైసలు పోయినయంటే స్టేషన్‌కు పోయేకంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పైసలు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే మోక అప్పుడే ఉంటది. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదు పెట్టినా వినకపోతే, ఆ జవాబు వచ్చిన 30 రోజుల్లోపు కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌ల అప్పీల్ పెట్టొచ్చు, ఫీజు లేదు.

రీల్ చేసినోళ్లు భయపడి ముందుగాల చేసే పని డిలీట్ కొట్టుడు. రీల్ తీసేయండి, మంచిదే, కానీ మాట్లాడుకున్న చాట్, పేమెంట్ వివరాలు చెరపొద్దు. సాక్ష్యం మాయం చేసుడు ఇంకో నేరం. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ జాగల వచ్చిన చట్టం) 35(3) కింద పోలీసుల ముందటికి రమ్మని నోటీసు వస్తే చెప్పిన తారీఖుకు వకీల్‌ను తోలుకొని పోవాలె. పోకుంటే అరెస్టుకు దారి దొరుకుతది. ఆ నోటీసు వాట్సాప్‌ల ఇయ్యొద్దని 2025 జనవరిల సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పింది. కాబట్టి ఎవడన్నా వాట్సాప్‌ల "నోటీసు" పంపి, పైసలు కడితే కేసు కొట్టేస్తమంటే, దాన్ని కూడా 1930కే చెప్పండి.