మనం ఎవరివైపు మావయ్యా?

శ్రోతలకు నమస్కారం.

2021 డిసెంబరు 28. బరంపురంలో మా అక్కావాళ్ళింట్లో టీవీ ముందు కూర్చున్నాం. ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్‌లో ఆ రాత్రి ఒడిశా ఎఫ్‌సీకీ హైదరాబాద్ ఎఫ్‌సీకీ మ్యాచ్. ఇంట్లో మా మాట తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. మా మేనల్లుడు ఉన్నట్టుండి అడిగాడు, “మావయ్యా, మనం ఎవరివైపు?”

నేను జవాబు వెతుక్కునేలోపే హైదరాబాద్ గోల్ మీద గోల్ వేసింది. చివరికి 6-1. వాడు తెలివైనవాడు, సగం ఆటకే హైదరాబాద్ వైపు జరిగిపోయాడు. నేను మాత్రం ఒడిశా వైపే ఉండిపోయాను. ఎందుకో చెప్పాలంటే ఆ క్లబ్బు పుట్టిన దగ్గర్నుంచీ చెప్పాలి.

ఈ జట్టు ఒడిశాలో పుట్టలేదు. 2014లో ఎనిమిది జట్లతో లీగ్ మొదలైనప్పుడు దీని పేరు ఢిల్లీ డైనమోస్. మొదటి ఏడాది ఇటలీ ఆటగాడు డెల్ పియెరోని తెచ్చారు. రెండో ఏడాది బ్రెజిల్ రాబర్టో కార్లోస్ కోచ్‌గా వచ్చి తనే మైదానంలోకి కూడా దిగాడు. మూడో ఏడాది కోచ్ ఇటలీ జాంబ్రొట్టా. ముగ్గురూ తమ దేశాల తరఫున ప్రపంచ కప్పు ఎత్తినవాళ్ళే. 2015లో, 2016లో సెమీఫైనల్ దాకా వెళ్ళారు, ఫైనల్ గడప మాత్రం తొక్కలేదు. పెద్ద పేర్లతో టికెట్లు అమ్ముడుపోతాయి కానీ జట్టు తయారవదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

2017లో జి.ఎం.ఎస్. అనే కంపెనీ ఈ జట్టును కొంది. కాలం తీరిన ఓడలను కొని తుక్కుకు పంపడం ఆ కంపెనీ వ్యాపారం. రెండేళ్ళ తర్వాత, 2019 ఆగస్టు చివరి వారంలో, ఒడిశా ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని జట్టును భువనేశ్వర్‌కు తరలించారు. పేరు ఒడిశా ఎఫ్‌సీ. గుర్తులో కోణార్క చక్రం, పాతకాలపు కళింగ సముద్ర వర్తకుల ఓడ. కార్తీక పున్నమికి చిన్న చిన్న పడవలు నీళ్ళలో వదిలే మనవాళ్ళకు ఆ ఓడ ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. అభిమానులు జట్టును ‘జగర్‌నాట్స్’ అంటారు. ఆ ఇంగ్లీషు మాట పుట్టిందే పూరీ జగన్నాథుడి రథం నుంచి.

సరిగ్గా అదే వారంలో హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా పుట్టింది, పుణె క్లబ్బు మూతపడ్డాక దాని స్థానంలో. తమాషా ఏమిటంటే, భువనేశ్వర్ కళింగ స్టేడియంలో పనులు జరుగుతుండటంతో ఒడిశా మొదటి ‘సొంతగడ్డ’ మ్యాచ్‌లు ఆ పుణెలోనే ఆడాల్సి వచ్చింది. ఢిల్లీ జట్టు, ఒడిశా పేరు, పుణె మైదానం!

నవ్వొస్తుంది కానీ, గంజాం జిల్లా తెలుగువాళ్ళం మనం నవ్వకూడదు. జట్టు ఊరు మారింది. మా తాతగారు ఊరు మారలేదు, ఉన్నచోటే ఉన్నారు. 1936 ఏప్రిల్ 1న రాష్ట్రమే మారింది. పడుకున్నప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ, లేచేసరికి ఒరిస్సా. ఇంటి ముందు వేపచెట్టు అక్కడే ఉంది. అందుకే ‘ఈ జట్టు ఇక్కడిది కాదు’ అని ఎవరైనా అంటే నాకు చురుక్కుమంటుంది.

ఇంతకీ జట్టంటే ఎవరు? మైదానంలో పదకొండుమంది. 2014లో వాళ్ళలో ఆరుగురు విదేశీయులు ఉండొచ్చు. 2017లో దాన్ని ఐదుకు, 2021లో నాలుగుకు తగ్గించారు. అంటే ఇప్పుడు కనీసం ఏడుగురు మనవాళ్ళు ఆడి తీరాలి. నా లెక్కలో ఏ విదేశీ కోచ్ కంటే ఈ నిబంధనే మన ఆటకు ఎక్కువ మేలు చేసింది. 2023-24 నాటి ఒడిశా జట్టే చూడండి: గోల్ దగ్గర పంజాబ్ నుంచి అమ్రిందర్ సింగ్, అంచుల్లో పరిగెత్తిన జెర్రీ, ఇసాక్ ఇద్దరూ మిజోరం కుర్రాళ్ళు. ఒడిశాలో పుట్టినవాళ్ళు కావాలంటే ఆడవాళ్ళ జట్టు చూడాలి. సుందర్‌గఢ్ ప్యారీ ఖాఖా లాంటివాళ్ళు ఆడిన ఆ జట్టు 2023-24లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. మగవాళ్ళు సూపర్ లీగ్ కప్పు ఇంకా చూడలేదు.

వాళ్ళకూ ఒక కప్పుంది. కరోనా రోజుల్లో, 2020-21లో అందరికంటే అడుగున మిగిలిన జట్టు, 2023 ఏప్రిల్ 25న కోళికోడ్‌లో బెంగళూరును 2-1తో ఓడించి సూపర్ కప్ అనే వేరే పోటీ గెలిచింది. రెండు గోల్స్ బ్రెజిల్ ఆటగాడు డియెగో మారిసియోవి. కోచ్ క్లిఫర్డ్ మిరాండా, గోవా మనిషి, తాత్కాలికంగా కూర్చోబెట్టినవాడు! ఆ గెలుపుతో ఆసియా పోటీలకు వెళ్ళారు. ఆ పోటీల్లో సొంతగడ్డ మీద కోల్‌కతా జట్టు మోహన్ బగాన్ చేతిలో 0-4తో చిత్తయ్యారు. రెండు నెలల తర్వాత కోల్‌కతా వెళ్ళి అదే బగాన్‌ను 5-2తో కొట్టివచ్చారు.

2024 ఏప్రిల్ 23న భువనేశ్వర్‌లో సూపర్ లీగ్ సెమీఫైనల్‌కి నేనూ వెళ్ళాను. బరంపురంలో రైలెక్కితే రంభ దాటాక చిలకా నీళ్ళు కిటికీ పక్కనే వస్తాయి. బోగీలో మురీ (మరమరాల) మిక్చర్ పొట్లం చేతులు మారుతోంది, మాటలు తెలుగులో మొదలై ఒడియాలో ముగుస్తున్నాయి. స్టేడియంలో గ్యాలరీకీ ఆటకీ మధ్య పరుగుపందేల ట్రాక్ ఉంది, బంతి దూరంగా చిన్నగా కనిపిస్తుంది. మూడో నిమిషంలోనే బగాన్ గోల్. ఒక్క టెన్షన్ కాదు. మా వరసలో పెద్దాయన మిక్చర్ నోట్లో వేసుకోవడం కూడా మానేశాడు. పదకొండో నిమిషంలో డెల్గాడో సమం చేశాడు. 39వ నిమిషంలో రాయ్ కృష్ణ గోల్. ఫిజీ దేశస్థుడు, ఎప్పుడో ఇక్కణ్ణుంచి చెరకు తోటల కూలికి ఓడెక్కిన వాళ్ళ సంతతి. గోపాలపురం రేవు నుంచి రంగూన్ ఓడలెక్కిన మనవాళ్ళు గుర్తొచ్చారు. ఆ రోజు 2-1తో గెలిచాం. అయిదు రోజులకు కోల్‌కతాలో రెండో మ్యాచ్ 0-2తో ఓడి, రెండింటి గోల్స్ కలిపితే 2-3తో ఫైనల్ పోగొట్టుకున్నాం.

2025లో లీగ్ హక్కుల ఒప్పందం గడువు దగ్గరపడి, కొత్తది కుదరక, లీగే ఆగిపోయింది. ఒడిశా ఎఫ్‌సీ ఆటగాళ్ళ, సిబ్బంది కాంట్రాక్టులను పక్కన పెట్టింది. రెండు నెలలకు ఇంకో కబురు. హైదరాబాద్ ఎఫ్‌సీని ఢిల్లీకి తరలించి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారట. 1950ల్లో బొంబాయి రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీని వరసగా ఐదుసార్లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఊరది!

ఆ సాయంత్రం మేనల్లుడు ఫోన్ చేశాడు. “మావయ్యా, మా జట్టు ఢిల్లీ వెళ్ళిపోయింది.”

“మాది వచ్చింది అక్కణ్ణుంచే కదరా,” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, “భువనేశ్వర్‌లో టికెట్ ఎంతుంటుంది?” అన్నాడు.

“ముందు మ్యాచ్‌లు మొదలవనీ,” అన్నాను.