పేరు లేని భార్య, పన్నెండు మంది మగవాళ్లు

(తెరపై: కోర్టు బోను రేఖాచిత్రం. బోను మీద గుండ్రటి మీట.)

వ్యాఖ్యానం: ఈ మీట నొక్కితే మీ భార్య నొప్పి తెలియకుండా మాయమవుతుంది. ఎవరికీ అనుమానం రాదు. నొక్కుతారా?

1965లో వచ్చిన ‘హౌ టు మర్డర్ యువర్ వైఫ్’ సినిమాలో భార్యను చంపాడన్న కేసులో ముద్దాయి అయిన స్టాన్లీ ఫోర్డ్ తన లాయరునే బోనెక్కించి ఊహించుకోమన్న మీట ఇది. లాయరు నొక్కుతాడు. అందరూ మగవాళ్లే ఉన్న జ్యూరీ, అంటే దోషి అవునో కాదో తేల్చే పన్నెండు మంది పౌరుల బృందం, స్టాన్లీని విడిచిపెడుతుంది.

నిజానికి అతను ఎవరినీ చంపలేదు. స్టాన్లీ న్యూయార్క్‌లో పత్రికలకు కామిక్ బొమ్మలు గీసే బ్రహ్మచారి. ఒక విందులో కేకులోంచి పైకి లేచిన ఇటలీ యువతిని తాగిన మత్తులో పెళ్లాడతాడు. తెల్లవారాక బెంబేలెత్తిపోతాడు. చివరికి తన కామిక్‌లో భార్యను చంపేస్తాడు. ఆ బొమ్మలు చూసి ఆమె ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. ఆ బొమ్మలే అతనిపై సాక్ష్యమవుతాయి.

(తెరపై: ఆర్కెస్ట్రా కండక్టర్ చేతిలోని కర్ర.)

హత్య బొమ్మల్లోనే ఎందుకు జరిగింది? 1934 నుంచి హాలీవుడ్‌లో గట్టిగా అమలైన ప్రొడక్షన్ కోడ్ (సినిమాల్లో ఏం చూపించవచ్చో చెప్పే నిబంధనావళి) ప్రకారం నేరం చేసినవాడు శిక్ష తప్పించుకోకూడదు. మనసులో చేసిన హత్యకు మాత్రం శిక్ష లేదు. 1948 నాటి ‘అన్‌ఫెయిత్‌ఫుల్లీ యువర్స్’లో ఆర్కెస్ట్రా కండక్టర్ కచేరీ నడిపిస్తూనే భార్యను చంపినట్టు ఊహించుకుంటాడు. ఇంటికెళ్లి ఆ పథకం అమలు చేయబోతే కుర్చీ విరుగుతుంది, రికార్డింగు యంత్రం మొరాయిస్తుంది. భార్య ఏ తప్పూ చేయలేదని తేలుతుంది. అక్కడ నవ్వులపాలైంది భర్త అనుమానం. అందుకే ఆ సినిమా అంటే నాకు గౌరవం.

పదిహేడేళ్ల తర్వాత వచ్చిన సినిమాలో ఆ గురి భార్య మీదికి మళ్లింది. విర్నా లీసీ పోషించిన ఆ పాత్రకు సొంత పేరు కూడా లేదు, ‘మిసెస్ ఫోర్డ్’ అంతే. పెళ్లినాటికి ఆమెకు ఇంగ్లీషూ రాదు. స్టాన్లీగా జాక్ లెమన్ నటనకు నేనూ నవ్వాను. కానీ ఆ కోర్టు సన్నివేశం దగ్గర నవ్వు ఆగిపోయింది.

విడాకులు తీసుకోవచ్చు కదా అనిపిస్తుంది. అప్పటి న్యూయార్క్ చట్టంలో విడాకులకు వ్యభిచారం ఒక్కటే కారణం. 1966లో గానీ అక్కడ ఆ చట్టాన్ని సవరించలేదు. ముడి బిగించింది చట్టం. అది భార్యాభర్తలిద్దరికీ బిగిసింది. సినిమా మాత్రం నేరమంతా భార్య మీద వేసింది.

(తెరపై: పన్నెండు ఖాళీ కుర్చీలు.)

ఈ సినిమాకు నాలుగేళ్ల ముందు, 1961లో, అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక నిజమైన కేసు వచ్చింది. ఫ్లోరిడాలో గ్వెండొలిన్ హోయ్ట్ అనే మహిళ భర్తను బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపింది. ఆమెను దోషిగా తేల్చిన జ్యూరీలో కూడా అందరూ మగవాళ్లే. ఆడవాళ్లు తామై వచ్చి పేరు నమోదు చేయించుకుంటే తప్ప ఆ రాష్ట్రంలో వారిని జ్యూరీకి పిలిచేవారు కాదు. ఆ పద్ధతిలో తప్పు లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. లూసియానాలో అలాంటి నిబంధనే చెల్లదని అదే కోర్టు చెప్పడానికి 1975 దాకా పట్టింది.