నోరు కట్టుకోమని చెప్పేదెవరు, వినేదెవరు?

(స్టూడియో చర్చలోంచి. పాల్గొన్నవారు: ఒక సైకియాట్రిస్ట్, సినిమా నటులకు శిక్షణ ఇచ్చే ఫిట్‌నెస్ ట్రైనర్, ఈటింగ్ డిజార్డర్ (తిండి, బరువు గురించిన ఆలోచనలే జబ్బుగా మారడం) నుంచి కోలుకుంటున్న ఒక యువతి. ఆమె కోరిక మేరకు పేరు చెప్పడం లేదు.)

యాంకర్: నమస్కారం. సెలబ్రిటీలు చెప్పే డైట్ చిట్కాలు జనాన్ని జబ్బు దాకా తీసుకెళ్తున్నాయా, లేక మన తిప్పలకు వాళ్లను ఆడిపోసుకుంటున్నామా? ట్రైనర్ గారితో మొదలుపెడదాం. సార్, 2022లో న్యూయార్క్ ఫ్యాషన్ వేడుక మెట్ గాలాలో అలనాటి హాలీవుడ్ తార మెరిలిన్ మన్రో గౌను తనకు పట్టాలని 3 వారాల్లో 16 పౌండ్లు తగ్గానని అమెరికా టీవీ తార కిమ్ కర్దాషియన్ చెప్పారు. అది విని మీకేమనిపించింది?

ట్రైనర్: నిజం చెప్పమంటారా? పట్టుదల గల మనిషి అనిపించింది. మా ఫీల్డులో బరువు తగ్గడం, పెరగడం డ్యూటీలో భాగం. ఆవిడ మిమ్మల్ని తగ్గమనలేదు కదా. పులిని చూసి నక్క వాత పెట్టుకుంటే పులిదా తప్పు?

సైకియాట్రిస్ట్: పులి తన మానాన తాను ఉంటే తప్పు లేదు సార్. కెమెరా ముందు కూర్చుని వాతలు ఎలా పెట్టుకోవాలో చెబితేనో?

(నవ్వులు)

ట్రైనర్: అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నారండీ. ఏ ఇంటర్వ్యూ చూసినా 'మేడమ్, మీ ఫిట్‌నెస్ సీక్రెట్ ఏంటి' అనే ప్రశ్న ఉండాల్సిందే. ఆ ప్రశ్న వేసేది మీ మీడియావాళ్లే.

యాంకర్: ఒప్పుకుంటాను. నేనూ వేశాను.

యువతి: ఒక మాట చెప్పొచ్చా మేడమ్? ఇందాక మీరు మూడు వారాలు, పదహారు అన్నారు కదా. మూడేళ్ల కిందటైతే నేను ఈపాటికి అది రాసేసుకుని ఉండేదాన్ని.

యాంకర్: రాసుకోవడమా?

యువతి: నోట్‌బుక్‌లో. వెనక పేజీల్లో. ఎవరు ఎన్ని రోజుల్లో ఎంత తగ్గారో అన్నీ రాసేదాన్ని. ఒక హీరోయిన్ పొద్దుట్నుంచి రాత్రి దాకా తను ఏమేం తింటుందో ఇంటర్వ్యూలో చెప్పింది. నేను కూర్చుని లెక్క కట్టాను. మొత్తం కలిపితే...

సైకియాట్రిస్ట్: అంకె వద్దమ్మా.

యువతి: సారీ డాక్టర్ గారూ. చాలా తక్కువ అనుకోండి. నేను అంతకన్నా తక్కువ తినాలని పెట్టుకున్నాను. ఆవిడ మీద గెలవాలని.

యాంకర్: అంకె ఎందుకు వద్దన్నారు డాక్టర్ గారూ?

సైకియాట్రిస్ట్: ఈ జబ్బుకు మేత అంకెలే. మీకూ నాకూ అదొక కబురు, విని వదిలేస్తాం. జబ్బు అంచున ఉన్నవాళ్లకి అదొక పందెం. గెలవాలని అనుకున్నానంది, విన్నారుగా. అందుకే చికిత్సలో నలుగురి మధ్య ఉన్నప్పుడు బరువులు, కేలరీల ఊసు ఎత్తనివ్వం.

యాంకర్: మరి ఆ అంకె ఇందాక చదివింది నేనే.

సైకియాట్రిస్ట్: మీరే.

ట్రైనర్: కానీ డాక్టర్ గారూ, ఆ ఇంటర్వ్యూ లక్షల మంది చూసుంటారు. అందరూ జబ్బు పడలేదుగా?

సైకియాట్రిస్ట్: పడరు. ఆ మాటలో న్యాయముంది. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలను బట్టి చూస్తే అనోరెక్సియా, అంటే లావవుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు, దాని ముప్పులో దాదాపు సగం వంశపారంపర్యంగా వచ్చేదే. ఏ తారా చెప్పకపోయినా ఈ జబ్బు వచ్చేవాళ్లున్నారు. కాకపోతే కఠినమైన డైటింగ్ ఎంత పని చేస్తుందో చూడండి. ఆస్ట్రేలియాలో 14, 15 ఏళ్ల పిల్లల్ని మూడేళ్లపాటు గమనించారు, 1999లో ఫలితాలు వచ్చాయి. డైటింగ్ జోలికి పోని అమ్మాయిలతో పోలిస్తే, కఠినంగా చేసినవాళ్లకి ఈటింగ్ డిజార్డర్ వచ్చే అవకాశం 18 రెట్లు. ఓ మాదిరిగా చేసినవాళ్లకి కూడా 5 రెట్లు. ఇక పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవుల సంగతి. అక్కడ పుష్టిగా ఉండడమే అందం. 1995లో ఒక ప్రాంతానికి టీవీ వచ్చింది. అప్పట్లో స్కూలు అమ్మాయిలను అడిగితే, బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటామన్నవాళ్లు ఒక్కరూ లేరు. 1998లో మళ్లీ అడిగితే 11 శాతం మంది ఉన్నారు.

ట్రైనర్: టీవీలో వచ్చింది సీరియళ్లండీ, డైట్ చిట్కాలు కాదు.

సైకియాట్రిస్ట్: ఆ ఒక్క అధ్యయనంతో తప్పంతా టీవీదేనని నేనూ అనను. కానీ అప్పుడు చూపించారంతే. ఇప్పుడు చూపించడమే కాదు, పద్ధతి కూడా చెబుతున్నారు.

యాంకర్: (యువతితో) ఇంట్లో ఎవరూ గమనించలేదా అమ్మా?

యువతి: గమనించారండీ. మెచ్చుకున్నారు! 'ఎంత బాగా సన్నబడ్డావే, ఏం చేశావో మా అమ్మాయికీ చెప్పు' అనేవాళ్లు చుట్టాలు. ఆ రోజుల్లో నేను వంట మొదలుపెట్టాను. అందరికీ నేనే వండి, దగ్గరుండి కొసరి కొసరి వడ్డించేదాన్ని. నువ్వూ కూర్చోవే అంటే, వండుతూ రుచి చూశాను, కడుపు నిండిపోయింది అనేదాన్ని. అమ్మ మురిసిపోయేది. రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఫోన్లో వంటల వీడియోలు చూసేదాన్ని. ఒంటిగంట, రెండు... ఒకదాని తర్వాత ఒకటి. ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకునేదాన్ని. ఒకరోజు జడ వేస్తుంటే దువ్వెన నిండా జుట్టు వచ్చింది. అమ్మ నా మెడ మీద చెయ్యి వేసి, ఇంత చల్లగా ఉన్నావేంటే అంది. అప్పటిదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

సైకియాట్రిస్ట్: ఆ వంటల వీడియోల మాట వింటే నాకు అమెరికాలోని మిన్నెసొటాలో జరిగిన ప్రయోగం గుర్తొస్తుంది. 1944-45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యంగా ఉన్న యువకులకు 24 వారాలు అరకొర తిండి పెట్టి చూశారు. యుద్ధంలో తిండి లేక చిక్కిపోయినవాళ్లను మళ్లీ మామూలు మనుషుల్ని చేయడం ఎలాగో తెలుసుకోవడానికి. కొన్నాళ్లకి ఆ కుర్రాళ్లకి తిండి తప్ప ఇంకో ధ్యాస లేదు. కొందరు వంట పుస్తకాలు పోగేసుకున్నారు. పళ్లెం ముందు కూర్చుంటే లేచేవాళ్లు కాదు. ప్రయోగం అయిపోయాక కూడా కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు. ఆకలి మీదున్న మెదడు అలాగే చేస్తుంది, అందులో సంకల్పబలం ప్రసక్తి లేదు. వాళ్లకి ఎంత పెట్టారో చెప్పను గానీ, ఈ మధ్య ఒంట్లో మలినాలు పోగొడతామంటూ క్లీన్స్, డిటాక్స్ పేర్లతో చెబుతున్న కొన్ని డైట్లకన్నా అది ఎక్కువే.

ట్రైనర్: నేనొకటి చెప్పాలి. చొక్కా విప్పే సీన్ ఉందనుకోండి, ముందు నుంచే నీళ్లు తగ్గించేస్తాం. షాట్‌కి ముందు పుషప్స్ కొట్టిస్తాం, కండ ఉబ్బి కనబడాలని. లైటు పక్క నుంచి పడుతుంది. కట్ చెప్పగానే హీరో కుర్చీలో కూలబడి నీళ్ల బాటిల్ కోసం చెయ్యి చాపుతాడు. అది మీకు కనబడదు. ఇంటర్వ్యూలో మాత్రం 'అంతా క్రమశిక్షణ' అంటాడు. జిమ్‌కొచ్చే కుర్రాళ్లు ఆ పది సెకన్ల ఒంటితో ఏడాదంతా తిరగాలనుకుంటారు. ఎంత చెప్పినా వినరు.

సైకియాట్రిస్ట్: ఆ కుర్రాళ్లు మా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఇది ఆడపిల్లల జబ్బనుకుంటారు కదా.

యాంకర్: అయితే తారలు అసలు మాట్లాడకూడదంటారా?

సైకియాట్రిస్ట్: మాట్లాడనివ్వండి, మొత్తం చెప్పమనండి. 1988లో అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే ద్రవాహారం మీద ఉండి బరువు తగ్గారు. తగ్గినంత బరువున్న కొవ్వును ఎర్ర బండిలో పెట్టి స్టూడియోలోకి లాక్కొచ్చారు. చప్పట్లే చప్పట్లు. మర్నాటి నుంచే బరువు మళ్లీ పెరగడం మొదలైందని, తను బాగా బాధపడే విషయాల్లో ఆ బండి షో ఒకటని 2024లో చెప్పారు. మధ్యలో 36 ఏళ్లు గడిచాయి! 2023లో హాలీవుడ్ నటి గ్వినెత్ పాల్ట్రో మధ్యాహ్నం ఎముకల సూప్ తాగుతానంటే గొడవైంది. అది డాక్టర్‌తో మాట్లాడి నా కోసం పెట్టుకున్నది, అందరికీ సలహా కాదు అని తర్వాత అన్నారు. సూప్ సంగతి విన్నవాళ్లలో ఈ రెండో మాట ఎంతమంది చెవిన పడి ఉంటుంది?

యాంకర్: టైమ్ తక్కువుంది. తల్లిదండ్రులు ఏం గమనించాలి?

సైకియాట్రిస్ట్: బరువు ఒక్కటే చూడకండి. మామూలు బరువున్నవాళ్లకీ ఈ జబ్బు ఉంటుంది. తిన్న వెంటనే బాత్రూమ్‌కి వెళ్లడం, నెలసరి ఆగిపోవడం, నలుగురితో కలిసి తినకుండా తప్పించుకోవడం... వాంతులు చేసుకునేవాళ్లలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది, అందుకే ముందు రక్తపరీక్ష, ఈసీజీ చేయిస్తాం. 'తిని చావు' అని అరవకండి. సన్నబడితే పొగడకండి కూడా.

యాంకర్: (యువతితో) చివరిగా మీరు చెప్పండి. ఇప్పుడు రోజూ ఏం తింటున్నారు?

యువతి: అది చెప్పనండి.

యాంకర్: అయ్యో, ఇబ్బంది పెట్టానా?

యువతి: నాకేం ఇబ్బంది లేదు మేడమ్. ఎక్కడో ఒకమ్మాయి నోట్‌బుక్ తెరిచి పెట్టుకుని ఇది చూస్తుంటుంది.