కొండెక్కి మొక్కుకున్న స్టాపర్: పోచెటీనో కెరీర్ రివ్యూ

నమస్కారం. వెనక హారన్లు వినిపిస్తే మన్నించండి. మా ఇల్లు అలిపిరి వెళ్ళే దారిలో ఉంది, కొండ బస్సులు నా కోసం ఆగవు కదా. ఈసారి రివ్యూ ఒక మ్యాచ్ గురించి కాదు, ఒక మనిషి ఆట జీవితం గురించి. ఆయన పేరు మౌరీసియో పోచెటీనో. అర్జెంటీనా ఫుట్‌బాల్ డిఫెండర్, అంటే ప్రత్యర్థిని గోల్ దగ్గరికి రానీయకుండా అడ్డుకునేవాడు; మధ్యలో నిలిచి అడ్డుకునేవాణ్ని స్టాపర్ అంటాం. తర్వాత క్లబ్బుల మేనేజర్, అంటే జట్టును నడిపే కోచ్.

2009 నుంచి మొదలు పెడతాను. మన ఊరివాళ్లకు ఇట్టే అర్థమయ్యే సంగతి అక్కడే ఉంది. స్పెయిన్‌లోని బార్సిలోనా నగరంలో రెండు పెద్ద క్లబ్బులున్నాయి. ఒకటి బార్సిలోనా, అది ప్రపంచానికంతా తెలుసు. రెండోది ఎస్పాన్యోల్. ఆ జనవరిలో అది కింది డివిజన్‌కు జారిపోయే స్థానంలో ఉంది. ఆ సీజన్‌లో అప్పటికే ఇద్దరు మేనేజర్లు వెళ్లిపోయారు. మూడోవాడిగా 36 ఏళ్ల పోచెటీనోను తెచ్చి కూర్చోబెట్టారు. మూడేళ్ల కిందటి వరకు అదే క్లబ్బులో ఆటగాడు, పెద్ద జట్టును నడిపిన అనుభవం లేదు. జట్టు ఇంకా దిగజారి అట్టడుగుకు చేరింది. ఆ రోజుల్లోనే ఆయన ఆ నగరానికి దగ్గర్లోని మొంసెరాట్ కొండ నడిచి ఎక్కి, అక్కడి మఠంలోని మేరీమాతకు మొక్కుకున్నాడు. ఆ విగ్రహం నల్లనిది. అక్కడి కాటలాన్ జనం ముద్దుగా మోరెనేటా అంటారు, అంటే నల్లని చిన్నతల్లి. 3,550 మెట్లెక్కి నల్లరాతి వేలుపును చూసి వచ్చే ఊళ్ళో దీనికి వివరణ అక్కర్లేదు.

మొక్కు ఒక్కటే గట్టెక్కించలేదు లెండి. ఫిబ్రవరిలో, పట్టికలో చిట్టచివర ఉన్న ఎస్పాన్యోల్, గార్డియోలా మేనేజర్‌గా ఉన్న బార్సిలోనాను వాళ్ల సొంత మైదానంలోనే 2-1తో ఓడించింది. లీగ్‌లో అక్కడ ఎస్పాన్యోల్ గెలవడం 1982 తర్వాత అదే మొదటిసారి. రెండు గోల్సూ వేసిన దె లా పెన్యా, పోచెటీనోతో కలిసి ఆడినవాడే. సీజన్ ముగిసేసరికి జట్టు పదో స్థానంలో నిలిచింది. నా లెక్కలో ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద విజయం ఇదే. దీనికి కప్పు ఇవ్వరు, అంతే.

ఇప్పుడు డిఫెండర్ సంగతి. శాంటా ఫే రాష్ట్రంలోని మర్ఫీ అనే చిన్న పల్లె ఆయనది, వ్యవసాయ కుటుంబం. పదమూడేళ్ల వయసులో, ఒక అర్ధరాత్రి, న్యూవెల్స్ ఓల్డ్ బాయ్స్ క్లబ్బు కోసం కుర్రాళ్లను వెతికే గ్రిఫా, బియెల్సా ఆ ఇంటి తలుపు తట్టారు. పిల్లవాడు నిద్రలో ఉన్నాడు. దుప్పటి తీయించి కాళ్లు చూసి, వీడు మాకు కావాలన్నారు. సంతలో కోడెను ఎంచుకున్నట్టు! ఆ బియెల్సాయే తర్వాత న్యూవెల్స్‌లోనూ, అర్జెంటీనా జట్టులోనూ ఆయనకు గురువయ్యాడు.

దేశానికి ఆడినవి 20 మ్యాచ్‌లు. జనానికి గుర్తున్నది ఒక్కటే. 2002 ప్రపంచ కప్, సపోరో నగరం, ఇంగ్లండ్‌తో మ్యాచ్. గోల్ ముందరి పెనాల్టీ పెట్టెలో ఇంగ్లండ్ ఆటగాడు ఓవెన్ ముందుకు పోచెటీనో కాలు చాచాడు, ఓవెన్ పడ్డాడు, పెనాల్టీ ఇచ్చారు, బెక్‌హామ్ గోల్ కొట్టాడు, అర్జెంటీనా 1-0తో ఓడింది. తగలలేదనే పోచెటీనో ఇప్పటికీ అంటాడు. మా ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో నేనూ స్టాపర్‌గానే ఆడేవాణ్ని. ఆ కాలు నేనూ చాచేవాణ్నే. తగిలినా తగలకపోయినా అక్కడ కాలు పెట్టడమే తప్పు.

ఆయన జట్లను చూస్తే ఆ తప్పుకు జవాబు కనిపిస్తుంది. బంతి పోగానే వెనక్కి పరుగెత్తరు, పోయిన చోటే మీదపడి లాక్కుంటారు. ప్రమాదం సొంత గోల్ దగ్గరికి రాకముందే ఆపాలన్న డిఫెండర్ బుద్ధి అది. 2013-14లో ఆయన నడిపిన ఇంగ్లండ్ క్లబ్బు సౌతాంప్టన్ అలా ఆడే ఎనిమిదో స్థానం తెచ్చుకుంది. ఆ తర్వాతి ఇంగ్లండ్ క్లబ్బు టాటెన్‌హామ్‌లో అది పండింది. 2016-17లో 86 పాయింట్లు, 86 గోల్స్, ఇచ్చుకున్నవి 26 మాత్రమే. ఆ సీజన్ లీగ్‌లో అంత తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు ఇంకొకటి లేదు. అయినా దక్కింది రెండో స్థానం, ఎందుకంటే చెల్సీకి 93 పాయింట్లు వచ్చాయి. 2018 వేసవిలో క్లబ్బు ఒక్క ఆటగాణ్ని కూడా కొనలేదు. ఆ ఉన్నవాళ్లతోనే, యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు చేరాడు.

ఇక్కడ నాకు ఆయనతో పేచీ ఉంది. సెమీఫైనల్లో నెదర్లాండ్స్ క్లబ్బు అయాక్స్ మీద మూడు గోల్స్ కొట్టి జట్టును ఫైనల్‌కు తెచ్చినవాడు లూకాస్ మౌరా. మాడ్రిడ్‌లో ఫైనల్ రోజు అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, గాయం నుంచి అప్పుడే కోలుకున్న, జట్టు పాత గోల్ వీరుడు కేన్‌ను ఆడించాడు. మ్యాచ్ మొదటి నిమిషంలోనే బంతి టాటెన్‌హామ్ ఆటగాడు సిసోకో చేతికి తగిలి పెనాల్టీ, చివరికి లివర్‌పూల్‌తో 2-0 ఓటమి. కేన్ ఆ రోజు మైదానంలో ఉన్నాడన్న మాటే గానీ కనిపించలేదు. పాత నమ్మకస్తుణ్ని వదులుకోలేని మెతకతనం అది. అయిదు నెలలకు క్లబ్బు ఆయన్ను తీసేసింది.

తర్వాత పారిస్ క్లబ్బు పీఎస్‌జీతో ఫ్రెంచ్ లీగ్ గెలిచాడు, ఫ్రెంచ్ కప్పూ గెలిచాడు. మెస్సీ, నేమార్, ఎంబాపే ఉన్న జట్టుతో లీగ్ గెలవడాన్ని నేను మెచ్చుకోలేను, క్షమించాలి. చెల్సీలో ఒక్క సీజన్, ఆరో స్థానం. 2024లో అమెరికా జాతీయ జట్టు బాధ్యతలు తీసుకున్నాడు.

మార్కులు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: డిఫెండర్‌గా పదికి 7, మేనేజర్‌గా 8. ఫైనల్లో కేన్‌ను దింపకపోయి ఉంటే ఇంకో అర మార్కు కలిపేవాణ్ని.

వీలుంటే 2019 మే 8న ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అయాక్స్ మ్యాచ్ చివరి అయిదు నిమిషాలు చూడండి. విరామానికి 2-0తో వెనకబడిన జట్టుకు 96వ నిమిషంలో మౌరా మూడో గోల్ కొడతాడు. విజిల్ మోగాక కెమెరా పోచెటీనో వైపు తిరుగుతుంది. పచ్చికలో మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తుంటాడు, మన మోకాళ్ల మెట్టు దగ్గర భక్తులు కూలబడినట్టు.