ఎలుక తిన్న మందు ఎలుకతో ఆగదు

ఒడిశాలోని కాశీనగరం, గుణుపురం వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ నమస్కారం.

వరి చిరుపొట్టకు వస్తుందంటే చాలు, మనందరికీ ఎలుకల టెన్షన్. పొద్దున్నే వెళ్ళేసరికి దుబ్బులు కొడవలితో ఏటవాలుగా కోసినట్టు పడుంటాయి. కడుపు మండిపోయి కొట్టుకెళ్ళి మందు బిళ్ళలు తెస్తాం.

ఆ బిళ్ళల్లో చాలావాటిలో ఉండే మందు బ్రోమాడయోలోన్, నూరు గ్రాములకు 5 మిల్లీగ్రాములు. అది ఎలుకను అక్కడికక్కడే చంపదు. విటమిన్ కె పని ఆగి, రక్తం గడ్డకట్టక, లోపల్లోపలే కారి కొన్ని రోజులకు చస్తుంది. ఈలోగా మళ్ళీ మళ్ళీ తిని చావుకు చాలినదానికన్నా ఎక్కువే ఒంట్లో పెట్టుకుంటుంది. ఆఖరికి మత్తుగా పట్టపగలే గట్టెక్కుతుంది. అంత తేలిగ్గా దొరికితే గుడ్లగూబ వదులుతుందా? జెర్రిపోతు, ముంగిస, నక్క, అడవిపిల్లి వదులుతాయా? ఆ మందు ఎలుకను తిన్నవాటి కాలేయంలోకీ చేరి నెలల తరబడి ఉండిపోతుంది. న్యూయార్క్ జూ నుంచి తప్పించుకుని ఏడాది బతికిన ఫ్లాకో అనే గుడ్లగూబ 2024 ఫిబ్రవరిలో భవనాన్ని ఢీకొని చనిపోయింది. కోసి చూస్తే పావురాల వైరస్‌తో పాటు నాలుగు రకాల ఎలుకల మందులు! కాలిఫోర్నియాలో ఇలాంటి మందుల వాడకానికి 2021లోనే కళ్ళెం వేశారు.

పాడుబడ్డ మిల్లులోనో పాత గోపురం కిందో వెతకండి. బొటనవేలంత నల్లటి ఉండలు దొరుకుతాయి, గుడ్లగూబ కక్కేసినవి. నీళ్ళలో నానబెట్టి పుల్లతో విప్పితే బూడిదరంగు బొచ్చు, ఎలుక పుర్రెలు, నారింజరంగు పళ్ళు బయటపడతాయి. అంత మేలు చేసే పిట్ట కూస్తే అపశకునమని రాళ్ళేస్తాం. మన ఒడియా ఇరుగుపొరుగు మార్గశిర లక్ష్మివారాల్లో కొలిచే తల్లికి వాహనం అదే.

ఎలుకకు మూడు వారాల చూలు. గుడ్లగూబ ఏడాదికి ఒకటి రెండు సార్లే పొదుగుతుంది. మందుకు రెండూ పోతే ముందు తేరుకునేది ఎలుకే.

లావు గట్టులోనే కలుగులు ఎక్కువ, కాబట్టి నాట్లకు ముందే చెక్కి సన్నం చెయ్యండి. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూస్తే మర్నాడు తెరుచుకున్నవే ఎలుకలున్నవి. వాటికే పొగ పెట్టండి, ఎలుకల్ని పట్టే బుట్టలు పెట్టండి. మడిలో కర్రలు పాతితే రాత్రి గుడ్లగూబలు వాలతాయి. గింజ గట్టిపడేలోగా మాత్రం పీకెయ్యాలి, లేకపోతే గింజలు తినే పిట్టలు చేరతాయి. మలేసియా పామాయిల్ తోటల్లో గుడ్లగూబలకు గూటిపెట్టెలే కట్టారు. ఒక్కరు చేస్తే పక్క మడి ఎలుకలు వచ్చేస్తాయి. పొట్టకు ముందే ఊరంతా ఒకే వారం దిగాలి.

మందు తప్పదనుకుంటే కన్నం లోపలే పెట్టి మూసెయ్యండి. గట్టు మీద చల్లితే, ముఖ్యంగా జింక్ ఫాస్ఫైడ్ అనే మరో ఎలుకల మందు కలిపిన ఎర, కోళ్ళూ నెమళ్ళూ తిని చస్తాయి. చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పాతెయ్యండి.

పారలు తెచ్చినవాళ్ళు నాతో రండి, పక్క మడి గట్టు మీద కన్నాలు మూసి చూపిస్తాను.